ఆ రెండు మిల్లీమీటర్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది బొమ్మలతో ఆడుకునే పెద్దవాళ్ళ గురించిన టపా. నలభై దాటిన మనిషి వేలెడంత లేని లోహపు బొమ్మలకి రంగులేసుకుని, బల్ల మీద బారులు తీర్చి, స్కేలుతో కొలుచుకుంటూ యుద్ధం చెయ్యడమేంటని మా ఇంట్లో ఇప్పటికే చాలాసార్లు అడిగేశారు కాబట్టి మీరు కొత్తగా అడగక్కర్లేదు :-). మధ్యలో స్పెక్కులు, బగ్గులు, క్లయింటు ఫోన్లు కూడా వస్తాయి. కాబట్టి మనకి మరీ పరాయి విషయమేం కాదు.

2006లో నన్ను ఆన్‌సైట్ పంపారు. లండన్‌కి పడమరగా రైల్లో ఓ గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. నాతోపాటు ఉన్న ఇద్దరు తెలుగు కుర్రాళ్ళూ ప్రాజెక్టు అయిపోయి అక్టోబర్లోనే తిరుగుటపా కట్టారు. నేనొక్కణ్ణే మిగిలాను. నవంబరొచ్చిందంటే అక్కడ నాలుగింటికే చీకటి. ఆఫీసు, గది, పప్పుచారు, మళ్ళీ ఆఫీసు. అలాంటి రోజుల్లో ఊరి లైబ్రరీలో గోడ మీద ఒక కాగితం కనబడింది. ప్రతి మంగళవారం సాయంత్రం చర్చి హాల్లో వార్ గేమ్స్, కొత్తవాళ్ళు రావచ్చు, టీ ఉచితం. నిజం చెప్పొద్దూ, నేను టీ కోసమే వెళ్ళాను.

అక్కడ పరిచయమైనాయనే ఈ కథలో పెద్దాయన. రిటైరైన సర్వేయరు, డెబ్బైకి దగ్గర్లో ఉండేవాడు. పేరెందుకు లెండి, మేష్టారు అనుకుందాం. నాకు ఆట నేర్పింది ఆయనే, మొదట్లో ఆడుకోడానికి తన సైన్యాన్ని అరువిచ్చిందీ ఆయనే.

సరే, అసలు ఆటేంటో చెప్తాను. మన పులి-మేక ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీసి, చింతపిక్కలు మేకలుగానూ గులకరాళ్ళు పులులుగానూ పెట్టి ఆడించేవాడు. అందులో పులి ఏ చుక్క మీదుందీ అన్న దాంట్లో గొడవేం రాదు. ఉంటే ఈ చుక్క మీదుంటుంది, లేకపోతే ఆ చుక్క మీదుంటుంది. చదరంగమైనా అంతే. మన భాషలో చెప్పాలంటే అన్నీ ఇంటీజర్లే.

ఈ మినియేచర్ యుద్ధాల్లో గడులుండవు. బల్లంతా మైదానమే. కాల్బలం ఇన్ని అంగుళాలు నడవచ్చు, గుర్రం ఇన్ని అంగుళాలు పరిగెత్తచ్చు అంటారు, మీరు స్కేలు పెట్టి కొలిచి జరపాలి. అంటే అన్నీ ఫ్లోటింగ్ పాయింటు నంబర్లన్నమాట. రెండు ఫ్లోటింగ్ పాయింటు నంబర్లు సమానమా కాదా అని డబుల్ ఈక్వల్స్ పెట్టి చూడకూడదని మనకి మొదటి ఏడాదే ఎవరో ఒకరు తిట్టి మరీ నేర్పిస్తారు కదా. ఈ ఆటలో ఆ పోలికే జీవన్మరణ సమస్య. తగిలిందా తగల్లేదా, లోపలుందా బయటుందా! గోళీలాటలో జానెడా బెత్తెడా అని కొట్టుకున్నట్టు, కబడ్డీలో కాలు గీతకి తగిలిందా లేదా అని అరుచుకున్నట్టు, ఇక్కడ జుట్టు నెరిసినవాళ్ళు చాలా మర్యాదగా, టీ తాగుతూ, అదే పని చేస్తారు.

దీనికి చరిత్ర కూడా పెద్దదే. ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారి కోసం ఒక యుద్ధపుటాట తయారుచేశాడు. అందులో నేలంతా పలకలు పలకలుగా అమర్చుకునేది. ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటు, 1824లో పలకలు తీసేసి నిజమైన మ్యాపు మీదకి ఆటని మార్చాడు. గడులు పోగానే కొలతలొచ్చాయి, కొలతలు రాగానే సందేహాలొచ్చాయి, సందేహాలు తీర్చడానికి అంపైరు కావాల్సొచ్చాడు. తర్వాత యాభై ఏళ్ళకి, 1876లో, వెర్డీ డు వెర్నువా అనే ఇంకో ప్రష్యన్ అధికారి ఈ రూళ్ళ పుస్తకాలు, పాచికలు మొయ్యలేక చాలావరకు పక్కన పెట్టేసి, అనుభవమున్న అంపైరు చెప్పిందే తీర్పు అనేశాడు. డాక్యుమెంటేషన్ తీసేసి "మా ఆర్కిటెక్టుని అడగండి" అన్నట్టు. ఆర్కిటెక్టు మంచివాడైతే ఇది భలే పనిచేస్తుంది. కాకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

ఇంగ్లండులో సామాన్య జనం ఇళ్ళల్లో ఆడుకునేలా చేసినవాడు హెచ్.జి.వెల్స్, అదే మన టైమ్ మెషీన్ వెల్స్. 1913లో లిటిల్ వార్స్ అని పుస్తకమే రాశాడు. కాల్బలానికి అడుగు, గుర్రాలకి రెండడుగులు, తాడుముక్కతో కొలుచుకోవడమే. ఫిరంగి పేలాలంటే దానికి ఆరంగుళాల లోపు కనీసం నలుగురు మనుషులుండాలి. చూశారా, "లోపు" అప్పుడే వచ్చేసింది. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

మా క్లబ్బులో ఆడేది డి.బి.ఏ. అనే ఆట. డే బెల్లిస్ ఆంటిక్విటాటిస్, లాటిన్లో పాతకాలపు యుద్ధాల గురించి అని. 1990లో వచ్చింది, ప్రధాన కర్త ఫిల్ బార్కర్. ఒక్కో పక్క సరిగ్గా పన్నెండు ఎలిమెంట్లు, అంటే పన్నెండు చిన్న అట్టముక్కలు, వాటి మీద అతికించిన బొమ్మలు. 15 మి.మీ. బొమ్మలైతే ఒక్కో అట్ట వెడల్పు 40 మి.మీ. వంతు వచ్చినప్పుడు ఒక పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని కదలికలు. నాలుగు ఎలిమెంట్లు పోగొట్టుకుని, అవతలివాడు అంతకంటే తక్కువ పోగొట్టుకుని ఉంటే మీరు ఓడినట్టే. గంటలోపు అయిపోతుంది. ఇందులో మన మధ్యయుగపు హిందూ రాజ్యాలకి కూడా ఒక సైన్యం జాబితా ఉంది, ఏనుగులతో సహా. ఓరుగల్లు పక్క ఊరివాణ్ణి, ఇంకేం కావాలి, వెంటనే అదే తీసుకున్నా.

బార్కర్ గారి గొప్పతనం ఏంటంటే ఒక్క అక్షరం కూడా వృథా చెయ్యడు. ఆయన సమస్య కూడా అదే. ఒక్కో వాక్యంలో నాలుగు షరతులు, రెండు మినహాయింపులు, ఓ బ్రాకెట్టు. పెర్ల్‌లో ఒకే లైనులో ప్రోగ్రాం రాసే సీనియర్లు ఉండేవాళ్ళు చూడండి, అలా. ఆయన ఇంగ్లీషుకి ఆటగాళ్ళు బార్కరీస్ అని పేరే పెట్టేశారు. ఇంగ్లీషు అమ్మభాషగా పుట్టినవాళ్ళే ఆ వాక్యాలు పట్టుకుని సంవత్సరాల తరబడి వాదించుకునేవాళ్ళు. నాకు మాత్రం మొదటిసారి చదివినప్పుడే తెగ నచ్చేసింది. రోజంతా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు చదివేవాడికి అది సొంతింటికొచ్చినట్టుంటుంది కదా.

ఇప్పుడు గొడవకి కావలసిన రూలు ఒక్కటే చెప్తాను. ప్రతి ఎలిమెంటుకీ ముందు వైపు, ఒక అట్ట వెడల్పంత దూరం దాకా, అంటే 40 మి.మీ. చదరం, దాని అదుపులో ఉన్నట్టు లెక్క. జోన్ ఆఫ్ కంట్రోల్ అంటారు. 2014లో వచ్చిన మూడో కూర్పులో థ్రెట్ జోన్ అన్నారు. శత్రువు ఎలిమెంటు ఆ చదరంలో కొంచెమైనా ఉందనుకోండి, దాని ఇష్టమొచ్చినట్టు కదలడానికి లేదు. ఎదురుగా వచ్చి సర్దుకుని నిలబడాలి, లేదా వచ్చి తగలాలి, లేదా నిటారుగా వెనక్కి పోవాలి. పక్కగా జారుకోవడం కుదరదు. తర్కం బాగానే ఉంది. ఎదురుగా ఏనుగుంటే దానికి పక్క చూపించి తాపీగా నడుచుకుంటూ ఎవడూ పోడు కదా.

తగలడానికీ లెక్కుంది. ఏదో మూల వచ్చి తాకితే చాలదు. మామూలుగా అంచుకి అంచు, మూలకి మూల కలిపి నిలబెట్టాలి. పక్క నుంచి శత్రువు అంచు ఆనుకుని ఉంటే ఆ దెబ్బ తిన్న ఎలిమెంటు వెనక్కి తగ్గాల్సొచ్చినప్పుడు తగ్గలేక చచ్చిపోతుంది. అందుకని ఆటంతా ఎవడి పక్క ఎవడు దొరకబుచ్చుకుంటాడు అన్నదాని మీదే నడుస్తుంది. అలా దొరక్కుండా ఉండటానికి కొందరు అట్టల్ని వింత కోణాల్లో పెట్టి, రెండు మి.మీ. సందు వదిలి, శత్రువు అంచుకి అంచు కలపలేని పరిస్థితి సృష్టిస్తారు. నిజం యుద్ధంలో వెయ్యిమంది సైనికులు "అయ్యో, మనకి మూల కలవట్లేదు" అని ఆగిపోరు. కానీ బల్ల మీద ఆగిపోతారు! రూలు బుక్కులో ఉన్న బగ్గుని ఫీచరుగా వాడుకోవడమన్నమాట.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇంకోటుంది, మనవాళ్ళకి నచ్చుతుంది. అట్ట ముందంచు దగ్గర స్కేలు పెట్టి, కొలిచి, కొలత చివర అట్ట వెనకంచు వచ్చేలా పెడతారు. ముందు నుంచి ముందుకి కొలవాలి, ముందు నుంచి వెనక్కి కాదు. ప్రతి కదలికకీ ఒక అట్ట లోతు ఉచితంగా దొరుకుతుంది. అచ్చమైన ఆఫ్ బై వన్ ఎర్రర్! నేనూ మొదటి మంగళవారం ఇదే చేశాను. మేష్టారు నవ్వి, స్కేలు తిప్పి పెట్టి, "గుర్రం తోక నుంచి కాదు, ముక్కు నుంచి కొలుస్తాం మేము" అన్నారు.

ఇక ఆ రోజు సంగతి. డిసెంబరు మొదటి వారం. నా ఎడమ కొసన ఏనుగు. మేష్టారు తన తేలిక గుర్రాల్ని ఏనుగు పక్కగా ముందుకి తెచ్చి ఆపారు. ఆపుతూ పైకే చెప్పారు కూడా, "నీ ఏనుగు జోన్‌కి కాస్త బయట పెడుతున్నాను, వచ్చే వంతులో వెనక్కి చుట్టి వస్తాను, సరేనా?" అని. నేను సరే అన్నాను.

ఆయన చెయ్యి తీసేటప్పటికి ఆ అట్ట వెనక మూల జోన్ లోపలికి వచ్చి ఉంది. మహా అయితే రెండు మి.మీ. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదున్నాయి. ఆయన చూడలేదు.

నేను చూశాను.

చూసి ఊరుకున్నాను. నా వంతు నేనాడాను. ఆయన వంతు వచ్చి, పాచిక వేసి, గుర్రాల మీద చెయ్యి వెయ్యగానే అప్పుడు స్కేలు తీశాను. "ఇది జోన్‌లో ఉందండీ. చుట్టి రావడానికి లేదు" అన్నాను. ఆయన కళ్ళద్దాలు దించుకుని చూశారు. పక్క బల్ల వాళ్ళు ఇద్దరు వచ్చి చూశారు. రూల్సు పుస్తకం తెరిచి వాక్యం చూపించాను. కొంచెమైనా లోపలుంటే లోపలున్నట్టే. ఎవరూ కాదనలేకపోయారు. మేష్టారు ఒక్క మాట కూడా వాదించలేదు. గుర్రాల్ని నిటారుగా వెనక్కి తీసుకున్నారు. ఇంకో నాలుగు వంతుల్లో ఆట నాదైంది, నాలుగు రెండు తేడాతో. ఆయన మీద నా మొట్టమొదటి గెలుపు. ఆయన చెయ్యి కలిపి, బొమ్మల్ని ఒక్కొక్కటే దూది పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయారు. మామూలుగా నన్ను నా గది దాకా కార్లో దింపేవారు. ఆ రోజు తొందర పనుందన్నారు.

గదికి నడుచుకుంటూ పోతూ నాకు నేనే బోలెడు చెప్పుకున్నాను. నేను మోసం చెయ్యలేదు. అబద్ధమాడలేదు. రూలు నేను రాయలేదు. ఆయన సరిగ్గా పెట్టుకోవాల్సింది. అన్నీ నిజాలే. కానీ తప్పు చెయ్యనివాడు రెండు కిలోమీటర్లు అలా తనకి తానే వాదించుకుంటూ ఎందుకు నడుస్తాడు?

తర్వాతి మంగళవారం మేష్టారు వేరే ఆయనతో ఆడారు. ఆ తర్వాతి మంగళవారం కూడా. పలకరింపు, నవ్వు, టీ అన్నీ మామూలే. ఆట మాత్రం లేదు. ఆ ఊళ్ళో నాకు ఆఫీసు పని కాక మాట్లాడటానికున్న మనిషి ఆయనొక్కరే. ఇండియాకి ఫోన్ చేస్తే అమ్మ "ఏరా, అక్కడ తోడెవరైనా ఉన్నారా" అని అడిగితే, ఉన్నారని ఆయన గురించే చెప్పేవాణ్ణి.

ఇంతలో ఆఫీసులో ఇంకోటి జరిగింది. మా క్లయింటు ఒక ఇన్సూరెన్సు సంస్థ. నోటీసు పంపిన 30 రోజుల లోపు డబ్బు చేరితే పాలసీ కొనసాగాలి, లేకపోతే రద్దు. కోడు నాదే. లోపు అంటే 30వ రోజు కలిపా, కలపకుండానా? రాసేటప్పుడే నాకు సందేహం వచ్చింది. బాగా గుర్తుంది, లెస్ దాన్ పెట్టి, ఈక్వల్స్ పెట్టాలా వద్దా అని కర్సరు దగ్గర ఒక నిమిషం ఆగాను. అడగాలంటే మెయిల్ రాయాలి, వాళ్ళు మీటింగు పెడతారు, స్పెక్ ఎప్పుడో సైన్ ఆఫ్ అయిపోయింది, ఛేంజ్ రిక్వెస్ట్ అంటారు, మా మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. ఎందుకొచ్చిన గొడవని ఈక్వల్స్ లేకుండా వదిలేశాను. టెస్టింగులో ఒకమ్మాయి దాన్ని పట్టుకుని టికెట్టు తెరిచింది. నేను "స్పెక్ ప్రకారమే ఉంది" అని రాసి మూసేశాను. ఆ అమ్మాయి మళ్ళీ తెరవలేదు.

ఆ డిసెంబర్లోనే క్లయింటు ఆపరేషన్స్ నుంచి ఒకావిడ నాకు నేరుగా ఫోన్ చేసింది. కోపంగా కాదు, అలసటగా. ఎవరో ముసలావిడ చెక్కు సరిగ్గా 30వ రోజున చేరింది, సిస్టం పాలసీ రద్దు చేసి ఉత్తరం పంపేసింది, ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని పొద్దుట్నుంచీ మూడుసార్లు ఫోన్ చేసింది. "మేము చేత్తో సరిచేశాం, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వెతికి చెప్పగలవా?" అని అడిగింది. వెతికాను. ఉన్నాయి. అన్నీ సరిచేశారు, కోడులో ఈక్వల్స్ చేర్చాం, ఎవరికీ మెమోలు రాలేదు. స్పెక్ చూపించి నేను తప్పించుకోగలిగాను. నిజానికి ఎవరూ నన్ను ఏమీ అనలేదు కూడా.

ఆ రాత్రి మాత్రం రెండు మి.మీ., ఒక ఈక్వల్స్ గుర్తు పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. అక్షరానికి కట్టుబడటం గొప్పా, ఉద్దేశానికి కట్టుబడటం గొప్పా అన్నది పెద్ద చర్చ. కానీ నా విషయంలో అసలు ప్రశ్న అది కాదనిపించింది. రెండు చోట్లా సందు నాకు కనబడింది. రెండు చోట్లా నోరు తెరిస్తే పోయేది. రెండు చోట్లా నాకు లాభమో సుఖమో ఉందని ఊరుకున్నాను. తర్వాత పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

క్రిస్మస్‌కి ముందు మంగళవారం త్వరగా వెళ్ళి మేష్టారు బల్ల దగ్గర నిలబడ్డాను. ఇంగ్లీషులో నువ్వూ మీరూ తేడా లేదు, తెలుగులో నాకు వినిపించినట్టు రాస్తున్నాను.

"ఆ రోజు గుర్రాల సంగతి. మీరు పెట్టినప్పుడే నేను చూశానండీ."

"తెలుసు. నీ కళ్ళు ఆ మూల మీదే ఉన్నాయి. నోరు మాత్రం సరే అంది."

"మరి ఆ రోజే అనలేదేం?"

"ఏమనను? రూలు నీ వైపుంది." కొంచెంసేపాగి, "ఓడిపోయినందుకు కాదయ్యా. ఓడిపోవడం నాకు ముప్ఫై ఏళ్ళ నుంచి అలవాటే. నీతో ఆడాలంటే ఇక ప్రతి అట్టనీ కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు వైపులా కొలవాలి. సర్వేయరుగా నలభై ఏళ్ళు అదే చేశాను. రిటైరయ్యాక మంగళవారాలు కూడా అదేనా అని ఓపిక లేకపోయింది" అన్నారు.

క్షమించమన్నాను. ఆయన అదేం పట్టించుకోకుండా బొమ్మలు తీసి, అదే స్థితి మళ్ళీ పెట్టారు. ఏనుగు, పక్కన గుర్రాలు. "కొలత ఎంత బాగా కొలిచినా తప్పుంటుంది. ఈ అట్ట నేను చేత్తో కోసింది, 40 మి.మీ. అని నువ్వనుకుంటున్నావు, నలభయ్యొకటి ఉండచ్చు. బల్ల గుడ్డ ముడత పడుతుంది. చెయ్యి వణుకుతుంది. అందుకే పైకి చెప్పి పెడతాం. నేను చెప్పాను, నువ్వు సరే అన్నావు, అక్కడితో అట్ట ఎక్కడుందో తేలిపోయింది. ఆ తర్వాత బొమ్మ ఎక్కడున్నా అది గుర్తు మాత్రమే. కాదనాలనుకుంటే సరే అనక ముందు అను. అప్పుడిద్దరం కలిసి కొలుద్దాం, లోపలుంటే లోపలే, నేనేం ఏడవను."

ఇదీ ఆయన చెప్పింది. ఎత్తు రహస్యంగా ఉంచుకో, కానీ బొమ్మ ఎక్కడుందో దాచకు.

అయితే ఇక్కడితో ఆపేస్తే "రూల్సు కాదు, మనసు ముఖ్యం" అని నీతికథలా తయారవుతుంది. నాకా మాట మీద నమ్మకం తక్కువ. అదే క్లబ్బులో ఇంకొకాయనుండేవాడు, గొంతు పెద్దది. నేను చేరిన రెండో వారంలోనే గుట్ట ఎక్కే విషయంలో "మేమెప్పుడూ ఇలాగే ఆడతాం" అని నా విల్లుకాళ్ళని రెండు వంతులు ఆపేశాడు. పుస్తకం తెరిస్తే అలాంటిదేమీ లేదు. ఆ రోజు నన్ను కాపాడింది అక్షరమే. ఆనవాయితీ, ఉద్దేశం, స్ఫూర్తి ఇవన్నీ లోపలివాళ్ళకి తెలిసేవి. బయటి నుంచొచ్చినవాడికి దొరికేది అచ్చయిన వాక్యం ఒక్కటే. పరాయి దేశంలో వీసా కాగితం పట్టుకుని క్యూలో నిలబడ్డ ప్రతివాడికీ ఇది తెలుసు. మనం రూల్సు పుస్తకాన్ని అంత గట్టిగా పట్టుకోవడంలో తెలివితేటలు కొంత, భయం కొంత. ఇదే మేష్టారితో అంటే ఆయన కాసేపు ఆలోచించి, "అది నిజమే. అందుకే అందరికీ పుస్తకం ఒకటే ఉండాలి. పోటీల్లో, కొత్తవాళ్ళతో, అక్షరమే. కానీ నువ్విప్పుడు కొత్తవాడివి కాదుగా" అన్నారు. ఆ చివరి మాట నాకు ఇప్పటికీ బాగుంటుంది.

రూల్సు రాసేవాళ్ళూ ఈ పాతికేళ్ళలో చాలా నేర్చుకున్నారు. డి.బి.ఏ. 2014 కూర్పులో కదలికలకీ తాకిడికీ బొమ్మలు గీసి బోలెడు ఉదాహరణలిచ్చారు. మూల కలవకపోతే తగిలించుకున్నవాడే సర్దుకోవాలి, సర్దుకోకపోతే నష్టం వాడిదేనని కూడా పెట్టారు. సందు వదిలి తప్పించుకునే ఎత్తులకి చాలావరకు చెక్ పడింది. వార్‌హామర్ చూడండి. ఒకప్పుడు ముందుగా కొలవనిచ్చేవాళ్ళు కాదు, కంటితో దూరం అంచనా వేసి దాడి ప్రకటించాలి. జనం మోచెయ్యి బల్ల మీద ఆనించినట్టు నటిస్తూ మూరతో కొలిచేసేవాళ్ళు! చివరికి 2010లో ఫాంటసీ ఆటలోనూ, 2012లో 40,000లోనూ ఎప్పుడైనా కొలుచుకోమని వదిలేశారు. 2017 తర్వాతి కూర్పుల్లో ఏదైనా ఒక భాగం లోపలుంటే "లోపల", మొత్తం ఉంటే "పూర్తిగా లోపల" అని రెండు మాటలకీ విడివిడిగా అర్థం చెప్పి మరీ వాడటం మొదలుపెట్టారు. 2020లో శత్రువుకి అంగుళం లోపుంటే తగిలినట్టే లెక్కని దానికో పేరు కూడా పెట్టారు, ఎంగేజ్‌మెంట్ రేంజ్ అని. అంటే చూడండి, సమానమా కాదా అని చూడటం మానేసి ఎప్సిలాన్ పెట్టుకున్నారు. మనం కోడులో చేసేదే.

ఇంకో చక్కటి సంగతి. ఆ 40,000 పాత కూర్పుల్లో కొన్నిట్లో, ఎంతకీ తేలకపోతే పాచిక వేసి తేల్చుకుని ఆట కొనసాగించండని, దాన్నే అన్నిటికన్నా ముఖ్యమైన రూలుగా పెట్టారు. బొమ్మ గుట్ట వాలు మీద నిలబడక పడిపోతుంటే, అది నిజంగా ఎక్కడుందో అవతలివాడికి చూపించి, ఇద్దరూ ఒప్పుకుని, పక్కన పెట్టుకోమన్నారు. అంత పెద్ద కంపెనీ, అన్ని కూర్పులు, అన్ని పేజీలు రాశాక కూడా చివరికి అవతలివాణ్ణి అడగమనే చెప్పాల్సొచ్చిందన్నమాట.

నేను 2008లో హైదరాబాద్ వచ్చేశాను. మా టీంలో ఇప్పుడో పద్ధతుంది. లోపు, దాకా, మించి, కనీసం, ఈ నాలుగు మాటల్లో ఏది రిక్వైర్‌మెంట్‌లో కనబడినా పక్కన ఒక తారీకుతో ఉదాహరణ రాయాల్సిందే. ఒకటో తారీకున నోటీసు వెళ్తే, 31న వచ్చిన డబ్బు చెల్లుతుందా, చెల్లదా? రాసి, క్లయింటుకి చూపించి, సరే అనిపించుకున్నాకే కోడు. కొత్తగా చేరిన పిల్లలు మొదట్లో ఇది చాదస్తమనుకుంటారు. టికెట్టు మూసేటప్పుడు "స్పెక్ ప్రకారమే ఉంది" అని ఎవరైనా రాస్తే, "రాసేటప్పుడు నీకు డౌటొచ్చిందా రాలేదా, అది చెప్పు చాలు" అంటాను. రాలేదంటే అది పొరపాటు, దిద్దుకుంటాం. వచ్చిందంటే మాత్రం కూర్చోబెట్టి ఈ ఏనుగు కథ చెప్తాను. చాలామంది ఇప్పటికి రెండుసార్లు విన్నారు పాపం :-)

మేష్టారితో చాలా ఏళ్ళు ఉత్తరాలు నడిచాయి. వచ్చేసే ముందు మంగళవారం ఆయన తన ఏనుగొకటి నా చేతిలో పెట్టారు, రంగు అక్కడక్కడా లేచిపోయింది. అది ఇప్పుడు మా డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి సైన్యానికి ఎడమ కొసన నిలబడుతోంది. మొన్న ఆదివారం నేను గుర్రాల్ని దాని పక్కగా తెచ్చి పెట్టి, "జోన్‌కి బయటే పెడుతున్నానమ్మా, సరేనా" అన్నాను. పదకొండేళ్ళ పిల్ల, బల్ల మీదకి వంగి, ఒక కన్ను మూసి చూసింది.

"కొంచెం లోపలికొచ్చింది నాన్నా. జరుపుకో" అంది.

జరుపుకున్నాను. ఆట ఆ పిల్లే గెలిచింది.